గ్రామఫోను స్ప్రింగు మోటారు: ఉత్తరాంధ్రలో చరిత్ర, సంరక్షణ

కరెంటు లేకుండా, చేత్తో కీ ఇచ్చి బిగించిన ఉక్కు పట్టీ మెల్లగా విప్పుకుంటూ ఇచ్చే బలంతో రికార్డును తిప్పే యంత్రమే గ్రామఫోను స్ప్రింగు మోటారు. గ్రామఫోను అనగానే బూరా, ముల్లు, కుక్కబొమ్మ గుర్తుకొస్తాయి. పెట్టె లోపల కనపడకుండా ఉండే ఈ మోటారును తలచేవాళ్లు తక్కువ. అయితే విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల పల్లెల్లో గ్రామఫోను అంతకాలం బతికిందంటే ప్రధాన కారణం ఇదే. పాట శ్రుతిలో వినపడటమూ దీని చలవే.

పుట్టుక

ఎడిసన్ 1877లో చేసిన తొలి ఫోనోగ్రాఫుకు మోటారు లేదు. తగరపు రేకు చుట్టిన గొట్టాన్ని చేత్తో తిప్పుతూ వినాలి. చెయ్యి ఎంత నిలకడగా తిరిగితే గొంతు అంత నిలకడగా ఉంటుంది. ఆ తరవాత వచ్చిన ఎడిసన్ యంత్రాల్లో బ్యాటరీతో నడిచే మోటార్లు పెట్టారు. తడి బ్యాటరీల బరువు, ఆమ్లంతో వచ్చే చిక్కులు ఇళ్లలో భరించేవి కావు. ఎమిల్ బెర్లినర్ 1887లో పళ్లెం ఆకారపు రికార్డుతో గ్రామఫోనుకు పేటెంటు తీసుకున్నా, మొదట అమ్మిన యంత్రాలను కొన్నవాళ్లు చేత్తోనే తిప్పుకోవలసి వచ్చేది.

ఇక్కడ కుట్టుమిషను కథలోకి వస్తుంది. బెర్లినర్ దగ్గర పనిచేసిన ఫ్రెడ్ గైస్‌బర్గ్ తన జ్ఞాపకాల్లో ఈ సంగతి రాశాడు. ఫిలడెల్ఫియా పత్రికలో కుట్టుమిషనును కాలితో తొక్కే బాధ లేకుండా నడిపే స్ప్రింగు మోటారు ప్రకటన ఒకటి కనపడిందట. దాన్ని గ్రామఫోనుకు తగిలించి చూశారు గానీ పని సరిగ్గా జరగలేదు. చివరికి న్యూజెర్సీలోని కామ్‌డెన్‌లో చిన్న యంత్రాల దుకాణం నడిపే ఎల్డ్రిడ్జ్ జాన్సన్ 1896లో నమ్మకంగా నడిచే మోటారును తయారుచేశాడు. 1901లో విక్టర్ టాకింగ్ మెషీన్ కంపెనీని స్థాపించినది ఈ జాన్సనే. హెచ్.ఎం.వి. గుర్తుగా మారిన ఫ్రాన్సిస్ బరౌడ్ బొమ్మలో కుక్క ముందున్న యంత్రం జాన్సన్ మోటారు పెట్టిన నమూనాయే. బొమ్మలో మొదట ఉన్నది ఎడిసన్ తరహా గొట్టం యంత్రం. 1899లో దాని మీదే రంగు పూసి గ్రామఫోను వేశారు. అందరూ కుక్కనే చూస్తారు గానీ, పెట్టె పక్కన కీ ఇచ్చే పిడి కూడా ఉంటుంది.

కుట్టుమిషను ప్రకటన సంగతి రాసిన గైస్‌బర్గే 1902లో రికార్డింగు సామగ్రితో కలకత్తా వచ్చి గౌహర్ జాన్ పాటలను రికార్డు చేశాడు. 1908లో గ్రామఫోను కంపెనీ కలకత్తా సియాల్దాలో రికార్డులు ముద్రించే కర్మాగారం పెట్టింది. 1920ల చివర దాన్ని డమ్‌డమ్‌కు మార్చారు.

ఈ ప్రాంతానికి

మద్రాసు, కలకత్తా రెండూ దూరమే. అయినా ఉత్తరాంధ్ర ఆ రెంటి మధ్యనున్న రైలుదారి మీదే ఉంది. 1890లలో వేసిన తూర్పు కోస్తా రైలుమార్గం విశాఖపట్నం నుంచి కొత్తవలస మీదుగా విజయనగరానికి, అక్కణ్ణుంచి శ్రీకాకుళం జిల్లా దాటి కలకత్తా వైపు వెళుతుంది.   డమ్‌డమ్ రికార్డులు ఆ చివర్నుంచి వచ్చేవి, మద్రాసులో హచిన్స్ వారు, ఓడియన్ రికార్డుల పంపిణీదారులైన సరస్వతీ స్టోర్స్ వారు వేసినవి ఈ చివర్నుంచి వచ్చేవి.

పాడేవాళ్లకు ఈ నేల మీద కొదవ లేదు. 1919లో విజయనగరంలో మహారాజా సంగీత కళాశాల మొదలైంది. ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి అధ్యక్షుడు. వయొలిన్ ఆచార్యుడిగా చేరిన ద్వారం వెంకటస్వామి నాయుడు 1936లో అధ్యక్షుడయ్యాడు. ఆయన వాయించిన, నిమిషానికి 78 చుట్లు తిరిగే రికార్డులు దక్షిణాది అంతటా తిరిగాయి. సాలూరు దగ్గర శివరామపురంలో 1922లో పుట్టిన సాలూరి రాజేశ్వరరావు ఇంకా గొంతు మారని వయసులోనే హచిన్స్ కంపెనీకి భగవద్గీత శ్లోకాలు పాడాడు. కపిలవాయి రామనాథశాస్త్రి, స్థానం నరసింహారావు వంటి రంగస్థల నటుల పద్యాలు, తరవాత సెట్లుగా వచ్చిన నాటకాలు ఊరూరా తిరిగాయి. నాటకం సెట్టు అంటే కొన్ని ప్లేట్లు, రెండేసి వైపులు, వైపుకు మూడు నిమిషాలు. ప్రతి వైపుకూ ముల్లు మార్చాలి, కీ ఇవ్వాలి. నాటకం మొత్తం వినాలంటే పెట్టె పక్కన ఒక మనిషి పనిగా కూర్చోవలసిందే. ఆ పని ఇంట్లో కుర్రాళ్లకు పడేది.

విజయనగరం లాంటి పట్టణాల సంగతి ఎలా ఉన్నా, ఇక్కడి పల్లెలకు కరెంటు ఆలస్యంగా వచ్చింది. మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955లో మొదలైంది. దాని తీగలు చిన్న ఊళ్లను చేరడానికి మరిన్ని ఏళ్లు పట్టింది. లండనులో 1930లకే కరెంటుతో నడిచే రేడియోగ్రామ్‌లు ఇళ్లలోకి వచ్చేశాయి. ఇక్కడ మాత్రం స్ప్రింగు పెట్టె మరో మూడు దశాబ్దాలు నిలిచింది. హెచ్.ఎం.వి. వారి 102 నమూనా పోర్టబుల్ 1931లో వచ్చి 1950ల చివరి దాకా తయారవుతూనే ఉంది. సూట్‌కేసులా మూసి రైల్లో తీసుకుపోవడానికి వీలైన ఆ పెట్టెలే నేటికీ పాత ఇళ్ల అటకల మీద ఎక్కువగా దొరుకుతాయి. స్విట్జర్లాండు వారి థోరెన్స్, పైయార్ మోటార్లు, ఇంగ్లండులోని స్విండన్‌లో గ్యారార్డ్ వారు చేసినవి కూడా ఇతర కంపెనీల పెట్టెల్లో కనపడతాయి. 1963లో విశాఖ ఆకాశవాణి వచ్చింది. ఆపై ట్రాన్సిస్టర్లు చవకయ్యాయి. దాంతో పిడి తిప్పే అవసరం తగ్గింది.

లోపల ఏముంది

మూత కింద గుండ్రటి ఇనుప డబ్బా ఉంటుంది. అందులో సుమారు 25 మిల్లీమీటర్ల వెడల్పు, అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ మందం, మూడు నాలుగు మీటర్ల పొడవు ఉండే ఉక్కు పట్టీ చుట్టబడి ఉంటుంది. లోపలి కొస ఇరుసుకు, బయటి కొస డబ్బా గోడకు తగులుకుని ఉంటాయి. కీ ఇస్తే ఇరుసు తిరిగి చుట్లు బిగుస్తాయి. వెనక్కి జారకుండా ఒక కొక్కెం పట్టుకుంటుంది. టకటకమని వినపడేది దాని చప్పుడే. బిగిసిన పట్టీ డబ్బాను తిప్పుతుంది, డబ్బా పళ్ల చక్రాలను, చక్రాలు రికార్డు పళ్లేన్ని తిప్పుతాయి. చిన్న పెట్టెల్లో ఒక స్ప్రింగు, పెద్దవాటిలో రెండో అంతకన్నా ఎక్కువో ఉంటాయి.

చిక్కంతా ఇక్కడే ఉంది. నిండుగా బిగించిన స్ప్రింగు గట్టిగా లాగుతుంది, విప్పుకున్నకొద్దీ లాగే బలం తగ్గుతుంది. పాట మాత్రం మొదట్నుంచి చివరిదాకా ఒకే వేగంతో తిరగాలి. ఈ పనిని గవర్నరు చేస్తుంది. సన్నటి ఇరుసు మీద మూడు పలచటి ఉక్కు రేకులు, ఒక్కొక్క రేకు నడుమ చిన్న బరువు, ఒక చివర ఇత్తడి బిళ్ల ఉంటాయి. ఇది పళ్లెం కంటే ఎన్నోరెట్లు వేగంగా తిరుగుతుంది. వేగం పెరిగితే బరువులు బయటికి ఉరుకుతాయి, రేకులు విల్లులా వంగుతాయి, బిళ్ల ముందుకు జరిగి తోలు ముక్కకు రాసుకుంటుంది. ఆ రాపిడే బ్రేకు. పైన కనపడే స్పీడు మీట ఈ తోలు ముక్కను దగ్గరికీ దూరానికీ జరుపుతుంది. వేగాన్ని ఈ పద్ధతిలో అదుపు చేయడం ఆవిరి యంత్రాలకు జేమ్స్ వాట్ వాడిన గవర్నరు సూత్రమే.

సంగీతం తెలిసిన ఊళ్లో దీని విలువ వెంటనే తెలుస్తుంది. నిమిషానికి 78 చుట్లు తిరగవలసింది 73న్నరకు పడిందంటే పాట ఒక స్వరస్థానం దిగినట్టే. రెండు శ్రుతిలో పాడింది ఒకటిన్నరలో వినపడుతుంది. నాలుగున్నర చుట్ల తేడాతో అంత పని జరుగుతుంది. వేగం ఊగిసలాడితే ఇంకా కష్టం: మనిషి గొంతులో కొంత దాగుతుంది గానీ, ద్వారం వారి కమాను సాగదీసిన షడ్జం వణికిపోతుంది. పైగా 78 అన్న అంకె 1920ల నడుమ దాకా స్థిరపడలేదు. అంతకు ముందువి కొన్ని తక్కువ వేగంతో, కొలంబియా వారివి కొన్ని 80తో వేసినవి. కాబట్టి పాత రికార్డుకు మీట సర్దేటప్పుడు అంకె కన్నా చెవినే నమ్మాలి.

సంరక్షణ

పాత మోటారు చెడిపోవడమంటే ఎక్కువ సందర్భాల్లో గ్రీజు గట్టిపడడమే. డబ్బాలో ఉక్కు చుట్లు ఒకదాని మీద ఒకటి జారాలి. నల్లసీసం కలిపిన గ్రీజు అందుకే వేస్తారు. యాభై, అరవై ఏళ్ల తరవాత అది లక్కలా బిగుసుకుంటుంది. చుట్లు అతుక్కుని, బలం పెరగగానే ఒక్కసారిగా విడిపోతాయి. అప్పుడు పెట్టెలోంచి ఢబ్ మని చప్పుడు వస్తుంది, పాట ఉలిక్కిపడుతుంది. ఆ చప్పుడు విని స్ప్రింగు తెగిపోయిందని పారేసిన మోటార్లు చాలా ఉన్నాయి. నిజానికి వాటికి కావలసింది శుభ్రతే.

శుభ్రం చేసేటప్పుడు మొదటి సూత్రం, కీ అంతా దించేయడం. బ్రేకు వదిలి పళ్లెం ఆగిపోయేదాకా తిరగనివ్వాలి. బిగించి ఉన్న మోటారు నుంచి గవర్నరును తీస్తే పళ్ల చక్రాలు అదుపు తప్పి పళ్లు విరుగుతాయి. డబ్బాలోంచి స్ప్రింగును తీయడం ఇంకా జాగ్రత్త కావలసిన పని. కీ దించినా డబ్బాలో ఇరుక్కున్న పట్టీకి చెయ్యి కోసేంత బలం మిగిలే ఉంటుంది. చేతికి దళసరి తోలు తొడుగులు వేసుకుని, డబ్బాను గోనెసంచిలో పెట్టి, లోపలి చుట్టు నుంచి ఒక్కొక్కటిగా బయటికి వదలాలి. కొత్తవాళ్లు ఈ ఒక్క పనికి చేయి తిరిగినవాళ్ల దగ్గరికి వెళ్లడం మంచిది.

బయటికి తీసిన పట్టీని కిరసనాయిలుతో కడిగి, తుడిచి, తుప్పు చూడాలి. మన వర్షాకాలపు తేమకు, సముద్రపు గాలికి తుప్పు చుక్కలు వస్తాయి. పైపై తుప్పును సన్నటి గరుకు కాగితంతో తీయవచ్చు. గుంటపడితే పట్టీ అక్కడే తెగుతుంది. కొత్తగా వేసే గ్రీజు మరీ పలచనైతే ఎండాకాలంలో కరిగి డబ్బా అంచుల నుంచి కారి, గవర్నరు తోలును తడుపుతుంది.

గవర్నరుకు గ్రీజు పనికిరాదు. ఇరుసు కొసలకు కుట్టుమిషను నూనె ఒక్కో చుక్క, తోలు ముక్కకు మరో చుక్క వేస్తే చాలు. తోలు ఎండితే కీచుమంటుంది. ఇంట్లో అందుబాటులో ఉన్న నూనె వేయడం మనకు అలవాటు. గ్రామఫోనుకు అది శత్రువు. కొబ్బరినూనె 24 డిగ్రీలకు దిగువన గడ్డకడుతుంది. సంక్రాంతి పొద్దుట పెట్టె మొరాయించడానికి అంతకన్నా పెద్ద కారణం అక్కర్లేదు. నువ్వులనూనె ఏళ్లు గడిచేకొద్దీ వార్నీషులా ఎండుతుంది, ఆముదం బంకలా సాగుతుంది. మూడు రేకుల్లో ఒకటి విరిగితే మూడింటినీ ఒకే మందం, ఒకే పొడవు ఉన్నవాటితో మార్చాలి. లేకపోతే బరువులు సమంగా తూగక పెట్టె అంతా గుర్రుమంటుంది.

స్ప్రింగు తెగడం సాధారణంగా రెండు కొసల్లోని రంధ్రాల దగ్గర జరుగుతుంది. బయటి కొసలో తెగితే కొద్దిగా కత్తిరించి, చివర మాత్రం కాల్చి మెత్తబరిచి, కొత్త రంధ్రం వేసి మళ్లీ తగిలించవచ్చు. పొడవు కొంత తగ్గుతుంది గానీ మూడు నిమిషాల పాటకు చాలుతుంది. నడుమ తెగినదాన్ని రివెట్లతో అతికితే చుట్లు సాఫీగా జారవు, మార్చడమే మార్గం. మార్చేటప్పుడు వెడల్పు, మందం, పొడవుతో పాటు కొసలో రంధ్రం ఎలాంటిదో కూడా చూసుకోవాలి. విదేశాల్లో ఈ కొలతలతో కొత్త స్ప్రింగులు ఇప్పటికీ తయారవుతున్నాయి.

కీ ఎక్కువ ఇస్తే స్ప్రింగు తెగుతుందన్న భయం పెద్దల్లో ఉండేది. పిడి ఇక తిరగనని గట్టిగా ఎదురు తిరిగినచోట ఆపితే బాగున్న స్ప్రింగుకు ఏ హానీ లేదు. నెలల తరబడి వాడకుండా పెట్టేటప్పుడు మాత్రం కీ దించి ఉంచాలి. బిగించి వదిలేస్తే ఉక్కు సాగి బలం కోల్పోతుంది.

వేగం చూడటానికి సులువైన పద్ధతి ఒకటుంది. రికార్డు కింద చిన్న కాగితం ముక్క బయటికి కనపడేలా పెట్టి, ముల్లు ఆనించి పాట నడుస్తుండగానే, అది 20 సెకన్లలో ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టాలి, 26 రావాలి. ముల్లు లేకుండా లెక్కపెడితే తప్పు వస్తుంది, ముల్లును పట్టుకునే బరువైన సౌండ్ బాక్సు రాపిడి వేగాన్ని తగ్గిస్తుంది కాబట్టి. కరెంటు వచ్చాక 77 గీతలున్న చక్రం కాగితాన్ని రికార్డు మీద పెట్టి బల్బు వెలుగులో చూసే పద్ధతి వచ్చింది. మన 50 హెర్ట్జ్ కరెంటు మీద వెలిగే దీపం సెకనుకు 100 సార్లు మిణుకుతుంది. గీతలు కదలకుండా నిలిచాయంటే వేగం 78 దగ్గర ఉన్నట్టు. ఎల్.ఇ.డి. బల్బుల్లో అన్నీ ఇలా మిణకవు, అందుకే కొన్నింటి కింద గీతలు నిలిచినట్టే ఉండవు.

నేటి స్థితి

బొబ్బిలి రాజవంశానికి చెందిన వి.ఎ.కె. రంగారావు వేల సంఖ్యలో 78 రికార్డులు సేకరించి, వాటి వివరాలు రాసి తెలుగువారికి ఆ లోకాన్ని దగ్గర చేశారు. రికార్డులకు దక్కిన ఆ శ్రద్ధ మోటార్లకు దక్కలేదు. పాత పోర్టబుల్ పెట్టెలను విప్పి, మోటారు మాత్రం తీసుకుని, కొత్త చెక్కపెట్టె, మెరిసే ఇత్తడి బూరా, అతికించిన కుక్కబొమ్మతో పురాతనమంటూ అమ్మే వ్యాపారం మనదేశంలో చాలాకాలంగా సాగుతోంది. ఇంటి అలంకారానికి కొనేవారికి దానితో ఇబ్బంది లేకపోవచ్చు. నడిపించి వినాలనుకునేవారు మాత్రం కొనేముందు పళ్లేన్ని పైకెత్తి మోటారు పలకను చూడాలి. పలక మీద మరలు వేరే పెట్టెకు చేసిన రంధ్రాల్లో కొత్తగా బిగించినట్టు కనపడితే, కీ పిడి పెట్టె గోడలో సూటిగా కాక ఏటవాలుగా దూరితే, ఆ మోటారు అక్కడ పుట్టింది కాదు.