బర్మాలోని ఆంధ్రులు

తూర్పుతీరమునుండి బంగాళాఖాతము దాటి బర్మాకు వలసపోయిన తెలుగువారి చరిత్రము, 1852 నాటి రెండవ ఆంగ్ల-బర్మా యుద్ధమున దిగువ బర్మా ఆంగ్లేయుల వశమగుటతో విస్తరించి, 1960 దశకముతో దాదాపు ముగిసినది. అంతకు బూర్వమును కోరంగి, భీమునిపట్నము, కళింగపట్నము రేవులనుండి తెరచాప ఓడలు ఆవలి యొడ్డునకు బోవుచునే యుండెను. బర్మీయులు తెలుగువారిని కోరంగీలని పిలుచుటకు గోదావరీముఖమునందలి ఆ పాతరేవే కారణము. మనవారి నోట రంగూను "రంగ"మయ్యెను.

1869 లో సూయెజ్ కాలువ తెఱవబడినపిదప ఐరోపాకు బియ్యపుటెగుమతి పెరుగుటచే ఐరావతీ ముఖభూములందలి అడవులు నఱుకబడి వరిచేలయ్యెను. బర్మా రైతు క్రొత్తభూమిని సాగుచేసికొనుటలో నిమగ్నుడై యుండగా, ధాన్యపుమిల్లులకును, ఓడల యెగుమతి దిగుమతులకును చౌకకూలీలు కావలసివచ్చిరి. గంజాము, విశాఖపట్నము, గోదావరి జిల్లాలలో వానలు తప్పి, అప్పులు పెరిగి, సెంటు భూమియైనను లేని బీదలు వేలకొలదిగా నుండిరి. మేస్త్రీలు గ్రామములకు వచ్చి బయానా యిచ్చి, స్టీమరు చార్జీ పెట్టుకొని వారిని గొనిపోయి, ఆ బాకీని కూలిలో విఱుగగొట్టుకొనుచుండిరి. కూలి మేస్త్రీ చేతిమీదుగానే ముట్టుటచే ఆ ఋణము తీరుట యరుదు. 1931 జనాభా లెక్కలనాటికి బర్మాలోని భారతీయులు పదిలక్షలకు మించిరి. వారిలో తెలుగువారు సుమారు లక్షన్నర. రంగూను జనులలో సగమునకు పైగా భారతీయులే.

కోతలకు వచ్చి కొన్నియేండ్లకు మరలిపోవు ఈ కూలీలు, ఆలుబిడ్డలను ఊరనే విడిచి, ఇరుకుగదులలో గుంపులుగా నిదురించుచు, బర్మాభాష నేర్వక, ఆ దేశమున నుండియు లేనివారివలె నుండిరి. సమ్మేళనము జరిగినది పల్లెలలో స్థిరపడిన కొలదిమంది విషయముననే: వారు లుంగీ కట్టి, బర్మాపేరు పెట్టుకొని, బర్మాస్త్రీలను వివాహమాడి, రామభజనయు పగోడాదర్శనమును రెండును జరుపుకొనిరి. ఆ వివాహములును వివాదాస్పదములయ్యెను. అన్యమతస్థులను బెండ్లాడిన బౌద్ధస్త్రీల హక్కులను గాపాడుటకు 1939 లో ప్రత్యేకశాసనము చేయవలసివచ్చెను.

బర్మీయులకును భారతీయులకును గల వైరమునకు మూలము మతము కాదు, భూమి. దిగువ బర్మాలోని పదమూడు ముఖ్యమైన వరిజిల్లాలలో, 1930 లో నూటికి ఆఱుపాళ్లుగా నున్న, భారతీయ వడ్డీవ్యాపారులగు చెట్టియార్ల భూమి, ధాన్యపుధరలు పడిపోయి రైతులు అప్పులు తీర్చలేకపోవుటచే 1938 నాటికి ఇరువదియైదు పాళ్లయ్యెను. భూమి కోల్పోయిన బర్మీయుడు కూలికై నగరమునకు రాగా అచ్చట తెలుగు కూలీ యెదురయ్యెను. వడ్డీవ్యాపారిపై బుట్టిన కోపము, అతనితో ఏ సంబంధమును లేని నిరుపేదపై విఱుచుకొనిపడుట ఈ చరిత్రములోని ఘోరమైన యన్యాయము.

1930 మే నెలలో కూలిపెంపునకై రంగూను రేవులోని తెలుగు కూలీలు పని మానగా, గుత్తదారులు బర్మీయులను పనిలో బెట్టిరి. రాజీ కుదిరినంతనే, 26 వ తేదీ యుదయమున రేవునకు వచ్చిన బర్మీయులను పని లేదని పొమ్మనిరి. అచ్చట మొదలైన కొట్లాట నగరమంతట ప్రాకి నూఱుమందికి పైగా హతులైరి. వారిలో అధికులు తెలుగు కూలీలే. ఉభయులను వాడుకొన్న గుత్తదారులకు గాయమైనను తగిలినట్లు లేదు.

1937 ఏప్రిల్ 1 న బర్మా భారతమునుండి వేఱుపడెను. మఱుసటియేట బౌద్ధమతమును దూషించిన యొక పుస్తకము నిమిత్తముగా మరల రక్తపాతము జరిగెను. వలసలను నియంత్రించు ఒప్పందము 1941 లో కుదిరెను గాని, ఆ డిసెంబరు 23 న రంగూనుపై జపానువారి బాంబులు పడుటతో అది నిరర్థకమయ్యెను. నగరము విడిచిన కూలీలు లేనిదే రేవు నడువదు గనుక ప్రభుత్వము పలువురను నచ్చజెప్పి వెనుకకు మరలించెను. రక్షణకు మాత్రము పూచీపడలేకపోయెను. 1942 లో అరకాను కనుమలమీదుగను, టామూ-ఇంఫాలు మార్గమునను లక్షలకొలది భారతీయులు కాలినడకను స్వదేశము జేరిరి. కలరాచేతను, మలేరియాచేతను, ఆకలిచేతను దారిలో రాలినవారు వేలకు వేలు.

1948 లో స్వతంత్రమైన బర్మాలో పౌరసత్వము పొందినవారు స్వల్పసంఖ్యాకులు. 1962 లో నేవిన్ సైనికప్రభుత్వము వచ్చి, అంగళ్లను, వ్యాపారములను జాతీయము చేయగా లక్షలాది భారతీయులు తిరిగివచ్చిరి. వారిలో తెలుగువారు కొందఱు విశాఖపట్నమున నివాసమేర్పఱచుకొన్న పేటయే బర్మా క్యాంపు. మిగిలినవారు ముఖ్యముగా మోన్ ప్రాంతమునందును, డెల్టాపల్లెలందును గలరు. 1982 నాటి పౌరసత్వచట్టము 1823 కు బూర్వమే ఆ దేశమున నున్న జాతులకు సంపూర్ణపౌరసత్వమును ప్రధానముగా బరిమితము చేయుటచే, వీరిలో పలువురు ఆ చట్టపుదృష్టిలో రెండవతరగతి పౌరులుగనే మిగిలిరి.