జాబితా ఎవరి చేతిలో ఉంది? కంటైనర్ కేటలాగులు, ఓపీఎం సాధనం

కంచన్‌బాగ్ అనగానే హైదరాబాదు పాతబస్తీవారికి ఎత్తైన ప్రహరీలు, గేటు దగ్గర తనిఖీలు గుర్తొస్తాయి. డీఆర్‌డీఎల్, డీఎంఆర్‌ఎల్, భారత్ డైనమిక్స్, మిధాని అన్నీ అక్కడివే. సాఫ్ట్‌వేర్ కేటలాగుల పాఠాన్ని ఆ గోడల దగ్గర మొదలుపెట్టడం మీకు వింతగా తోచవచ్చు. అందుకు కారణం 1980ల చివరి పరిణామాల్లో ఉంది.

వాతావరణ అంచనాల కోసం భారత్ అప్పట్లో అమెరికాను క్రే ఎక్స్‌ఎంపీ-24 సూపర్ కంప్యూటర్ అడిగింది. వచ్చింది అంతకన్నా తక్కువ శక్తిగల ఎక్స్‌ఎంపీ-14. అదీ వేరే పనులకు వాడరాదన్న షరతుతో. 1988లో పుణేలో సీడాక్, కంచన్‌బాగ్‌లో డీఆర్‌డీవో వారి అనురాగ్ సంస్థ ఏర్పడ్డాయి. వాయుగతి లెక్కల కోసం అనురాగ్ 'పేస్' అనే సమాంతర కంప్యూటరును నిర్మించింది. అందులో వాడిన ప్రాసెసర్లు మొటొరోలావే. ఈ సంగతిని మన పుస్తకాలు తరచు దాటవేస్తాయి. నా దృష్టిలో దాటవేయవలసిన అవసరం లేదు: చిప్పు బయటిదైనా, యంత్రం కూర్పు మన చేతిలోకి వచ్చింది.

ఇప్పుడు సమస్య రూపం మారింది. సాఫ్ట్‌వేర్ చాలావరకు ఉచితంగానే దొరుకుతుంది. అయితే ఏ వెర్షన్ ఎక్కడుందో చెప్పే జాబితా ఇంకెవరి సర్వర్‌లోనో ఉంటుంది. 2016 మార్చిలో 'లెఫ్ట్‌ప్యాడ్' అనే 11 వరుసల ప్రోగ్రామును దాని రచయిత ఎన్‌పీఎం జాబితా నుంచి తొలగించగానే, దానిపై ఆధారపడిన ఎన్నో ప్రాజెక్టుల నిర్మాణం ఆగిపోయింది. కొద్ది గంటల్లోనే దాన్ని తిరిగి చేర్చారు. 2020 నవంబరులో డాకర్ హబ్, ఖాతా లేనివారు 6 గంటల్లో 100 సార్లకు మించి తెచ్చుకోరాదని పరిమితి విధించింది.

కంటైనర్ అంటే ప్రోగ్రామును, దానికి కావలసిన ఫైళ్లన్నిటితో కలిపి కట్టిన మూట అనుకోండి. ఈ ఆలోచనకు మూలాలు 1979 నాటి యూనిక్స్‌లోనే ఉన్నా, 2013లో డాకర్ వచ్చాక అది అందరికీ అందింది. మూటలు వందలయ్యేసరికి వాటిని నడిపించడానికి 2014లో గూగుల్ కుబెర్నెటిస్‌ను విడుదల చేసింది. ఒక్కొక్క సాఫ్ట్‌వేర్ బాగోగులు చూసుకునే 'ఆపరేటర్' అనే భావనను 2016లో కోర్ఓఎస్ ప్రవేశపెట్టింది. 2018లో ఆ సంస్థ రెడ్‌హ్యాట్‌లో కలిసింది. ఆపరేటర్లు పెరిగాక వాటికో కేటలాగు అవసరమైంది. గ్రంథాలయంలో కార్డుల సొరుగు లాంటిదే ఇది. పుస్తకం ఇందులో ఉండదు. అది ఏ అరలో ఉందో, ఏ ముద్రణ తర్వాత ఏది చదవాలో ఉంటుంది.

ఈ సొరుగును సర్దే కమాండ్‌లైన్ సాధనమే ఓపీఎం. దీన్ని లినక్స్‌లో స్థాపించడం కష్టం కాదు. కుదించిన ఫైలును దింపుకొని, ప్రచురించిన షా256 విలువతో దాని విలువ సరిపోతుందో లేదో ముందు చూడండి. తొందరలో చాలామంది వదిలేసే మెట్టు ఇదే. తర్వాత ఫైలును విప్పి, నడిపే అనుమతి ఇచ్చి, సిస్టమ్ ప్రోగ్రాములను వెతికే డైరెక్టరీల్లో ఒకదానిలో ఉంచండి. 'ఓపీఎం వెర్షన్' అని ఆదేశిస్తే సంఖ్య కనిపించాలి. 'కమాండ్ దొరకలేదు' అని వస్తే ఫైలు పాడైందని అనుకోకండి, సాధారణంగా అది ఉంచిన చోటే తప్పు.

మొదట్లో కేటలాగు ఎస్‌క్యూలైట్ డేటాబేసులో ఉండేది. ఓపెన్‌షిఫ్ట్ 4.11 నుంచి రెడ్‌హ్యాట్ తన కేటలాగులను మామూలు పాఠ్య ఫైళ్ల రూపంలో ఇస్తోంది. ఇది చిన్న మార్పు కాదు. ఇప్పుడు మీరు కేటలాగును తెరిచి చదవవచ్చు, అక్కరలేని ప్యాకేజీలు తీసేయవచ్చు, తప్పులున్నాయేమో ఓపీఎంతోనే పరీక్షించవచ్చు.

ఇంటర్నెట్‌తో సంబంధం లేని నెట్‌వర్కుల్లో దీని విలువ బాగా తెలుస్తుంది. అక్కడ కేటలాగు ఒక్కటే తీసుకెళ్తే చాలదు. అందులో ఉన్నవి బయటి చిరునామాలు. ఆ చిరునామాల్లోని కంటైనర్ మూటలను కూడా డిస్కులో మోసుకెళ్లి, లోపలి రిజిస్ట్రీలో పెట్టి, చిరునామాలను అటు మళ్లించాలి. అప్పుడు బయటి సర్వర్ మూతపడినా లోపలి పని సాగుతుంది. కొత్త వెర్షన్ కావలసినప్పుడు మాత్రం డిస్కు పట్టుకుని మళ్లీ గేటు దాటక తప్పదు.