కోడ్‌లో పట్టని గంట: టెస్టిక్యులర్ టార్షన్ నమోదుపై ఒక పరిశీలన

టెస్టిక్యులర్ టార్షన్‌లో ఫలితాన్ని తేల్చేది గంటలే. వృషణాన్ని వేలాడదీసే స్పెర్మాటిక్ కార్డ్ మెలితిరిగితే ముందు సిరలు మూసుకుపోతాయి, వాపు పెరుగుతుంది, ఆ తరవాత ధమనిలో రక్తం కూడా ఆగిపోతుంది. నొప్పి మొదలైన 6 గంటల్లోపు మెలి విప్పితే 90 శాతానికి పైగా వృషణాలు దక్కుతాయి. 12 గంటలు దాటితే దాదాపు సగమే. 24 గంటలు దాటాక పదింట ఒకటి దక్కడమూ కష్టం. ఏటా 25 ఏళ్లలోపు మగవారిలో సుమారు 4,000 మందికి ఒకరిలో కనిపించే ఈ అత్యవసర స్థితిని అమెరికా ఆసుపత్రులు లెక్కల్లోకి ఎక్కించే రోగ నిర్ధారణ కోడ్‌లో మాత్రం గంటకు చోటు లేదు. కుడా ఎడమా అన్నదానికీ లేదు. ఆ లోటు తీర్చగలిగింది డాక్టరు రాసే నోట్ ఒక్కటే అన్నది ఈ వ్యాసం వాదన.

ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణ ఐసీడీ-10లో ఈ జబ్బుకు ఉన్నది ఎన్44 అనే ఒకే కోడ్. అమెరికా 2015 అక్టోబరు 1 నుంచి వాడుతున్న ఐసీడీ-10-సీఎం దాన్ని విడగొట్టింది. వివరం లేని టార్షన్ ఎన్44.00, వృషణాన్ని చుట్టిన పొరకు బయట మెలిపడే ఎక్స్‌ట్రావజైనల్ ఎన్44.01, ఆ పొర లోపల మెలిపడే ఇంట్రావజైనల్ ఎన్44.02. వృషణం మీదా ఎపిడిడిమిస్ మీదా ఉండే చిన్న తోకలు మెలిపడితే వరసగా ఎన్44.03, ఎన్44.04. పసికందుల్లో ఎక్కువగా కనిపించేది ఎక్స్‌ట్రావజైనల్, కౌమారంలో వచ్చేది దాదాపు ఎప్పుడూ ఇంట్రావజైనల్. అయినా పద్నాలుగేళ్ల కుర్రాడి చార్టు చూసి కోడర్ తనంతట తాను ఎన్44.02 వేయడానికి వీల్లేదు. ఆపరేషన్‌లో ఏం కనిపించిందో సర్జన్ రాసి ఉండాలి. 'టార్షన్' అన్న ఒక్క మాటతో నోట్ ముగిస్తే ఎన్44.00 తప్ప గతి లేదు. పైగా తోక మెలిపడటం చాలావరకు విశ్రాంతితో, నొప్పి మాత్రలతో తగ్గిపోయేది. ఎన్44.0 వర్గాన్ని మొత్తంగా తీసుకుని లెక్కలు కట్టే పరిశోధకుడు వృషణం పోయే జబ్బునూ దానంతటది తగ్గే జబ్బునూ ఒకే రాశి పోస్తున్నాడన్నమాట.

వైపు సంగతి ఇంకా వింత. వృషణంలో నొప్పికి ఇదే పద్ధతిలో కుడికి ఎన్50.811, ఎడమకు ఎన్50.812 అని వేరువేరు కోడ్‌లున్నాయి. నొప్పికి వైపు ఉంది, ఆ నొప్పిని తెచ్చిన మెలికి లేదు! రోగ నిర్ధారణ ఖాయమయ్యేకొద్దీ సమాచారం పెరగాలి; ఇక్కడ తరుగుతోంది.

అసలు చిక్కు అనుమాన దశలో ఉంది. 'టార్షన్ కావచ్చు' అని ఇన్‌పేషెంట్ డిశ్చార్జ్ సమ్మరీలో రాస్తే, ఆసుపత్రి దాన్ని ఉన్న జబ్బుగానే కోడ్ చేయవచ్చు. ఔట్‌పేషెంట్ విషయంలో, అంటే ఎమర్జెన్సీ గది సహా, అది కుదరదు. తెలిసిన లక్షణానికే కోడ్ వేయాలి. యూరాలజిస్టు లేని చిన్న ఆసుపత్రికి కుర్రాడు వస్తాడు. అక్కడి డాక్టరు సరిగ్గానే అనుమానించి, వెంటనే పెద్ద ఆసుపత్రికి పంపుతాడు. మొదటి ఆసుపత్రి రికార్డులో మిగిలేది స్క్రోటమ్ నొప్పి, ఎన్50.82. టార్షన్ పేరు రెండో ఆసుపత్రి ఖాతాలోనే తేలుతుంది. ప్రయాణంలో పోయిన సమయాన్ని కోడ్‌ల ఆధారంగా వెతికితే సగం దారి కనబడదు. చాలామంది పిల్లలు సిగ్గుపడి 'కడుపునొప్పి' అనే చెబుతారు. అప్పుడు మొదటి రికార్డు పొత్తికడుపు కోడ్‌తోనే ఆగిపోతుంది.

చికిత్సకు వాడే సీపీటీ కోడ్‌ల దగ్గరికొస్తే వైపు తప్పనిసరి అవుతుంది, ఎందుకంటే అక్కడ డబ్బు ఉంది. ఆపరేషన్‌తో మెలి విప్పడానికి 54600. రెండోవైపు వృషణాన్ని కుట్టి నిలపడం కూడా ఇందులోనే ఇమిడి ఉంది కాబట్టి విడిగా అడగకూడదు. మెలిపడిన వృషణం చచ్చిపోయి తీసేయాల్సి వస్తే 54520. అప్పుడు రెండోవైపు నిలిపిన పనికి 54620ను తగిన మాడిఫయర్‌తో చూపుతారు. ఏ వైపు ఏం చేశారో ఆపరేషన్ నోట్ విడమరచకపోతే ఈ క్లెయిమ్ నిలవదు. ఎమర్జెన్సీలో చేత్తోనే మెలి విప్పితే 54600 వర్తించదు. అది శస్త్రచికిత్సకు ఉద్దేశించిన కోడ్. చేత్తో విప్పే పనిని వర్ణించే ప్రత్యేకమైన కోడ్ లేదు. ఏ దిశలో ఎంత తిప్పారు, నొప్పి తగ్గిందా, ఆ తరవాత డాప్లర్‌లో రక్తప్రవాహం కనిపించిందా అన్నవన్నీ నోట్‌లోనే ఉండాలి.

కాబట్టి నోట్‌లో ఏముండాలి? 'నిన్నటి నుంచి నొప్పి' అన్న మాట పనికిరాదు. గడియారం చెప్పే గంట కావాలి. మధ్యలో నొప్పి తగ్గి మళ్లీ వచ్చిందా అన్నదీ కావాలి, ఎందుకంటే మెలి తనంతట విడిపోయి మళ్లీ పడుతుంటుంది. టార్షన్ అవకాశాన్ని అంచనా వేసే ట్విస్ట్ స్కోరు రాసే చోట మొత్తం ఒక్కటే రాసి వదిలేస్తున్నారు. వాపుకు 2, గట్టిదనానికి 2, తొడ లోపల గీస్తే వృషణం పైకి లేవకపోతే 1, వికారం లేదా వాంతికి 1, వృషణం పైకి జరిగి ఉంటే 1, కలిపి 7. స్కోరు 4 అని ఉంటే ఏవి కలిసి 4 అయ్యాయో తరవాత ఎవరికీ తెలియదు.

ఈ చార్టుల్లో కొన్ని హైదరాబాదులోని కోడింగ్ కంపెనీల్లో మన పిల్లల ముందు తెరుచుకుంటాయి. ఫార్మసీ, లైఫ్ సైన్సెస్ చదివినవారు ఆ రంగంలో ఎక్కువ. నోట్‌లో వివరం లేక డాక్టరుకు ప్రశ్న (క్వెరీ) పంపాల్సి వచ్చినప్పుడు 'ఇది ఇంట్రావజైనలే కదా?' అని జవాబును డాక్టరు నోటికి అందించకూడదన్నది అమెరికా వృత్తి నియమం; ఉన్న ఆధారాలను చూపి, ఏ రకమో స్పష్టం చేయమని మాత్రమే అడగాలి. రోజువారీ టార్గెట్ల ఒత్తిడిలో క్వెరీకి బదులు ఎన్44.00 వేసి ముందుకు పోవడం సులువు. అది నియమవిరుద్ధం కాదు, కానీ ఆ కేసు రకం ఇక గణాంకాల్లో దొరకదు.

ఎన్44.0 కింద పోగైన సంఖ్యలు ఎన్ని కేసులు వచ్చాయో స్థూలంగా చెప్పగలవు. ఆలస్యం ఎక్కడ జరిగింది, ఎవరివల్ల జరిగింది అన్నవి తేల్చడానికి అవి చాలవు. అలాంటి తీర్పు ఇవ్వదలచిన పరిశోధకుడు చార్టులు తెరిచి చదవాల్సిందే.