తాటివనము నుండి స్కాట్లండు వరకు: ‘టాడీ’ కథ

శరదృతువు ముగియవచ్చి చలిగాలి సోకగానే స్కాట్లండు గృహస్థులు ఇంటనే యొక వేడి పానీయమును కలుపుకొందురు. గాజుపాత్రలో కొంచెము స్కాచ్ విస్కీ పోసి, తేనెగాని చక్కెరగాని వేసి, నిమ్మరసము పిండి, రెండు లవంగములు, ఒక దాల్చినచెక్క తునక చేర్చి, పైని మరిగిన నీరు పోయుదురు. దీని పేరు ‘హాట్ టాడీ’. వేడి నీరు, తేనె, నిమ్మరసము స్కాట్లండు వంటయింటివే కావచ్చును. కాని ‘టాడీ’ యన్నమాట ఆ దేశమున పుట్టలేదు. అది మన తాటిచెట్టు నుండి దిగిన మాట.

సంస్కృతమున తాలము, తెలుగున తాడి, ఉత్తరదేశమున తాడ్. ఆ చెట్టునుండి తీసిన రసము హిందీలో తాడీ. అందలి నడిమి అక్షరము డకారమునకును రకారమునకును మధ్యగా పలుకును. పదునేడవ శతాబ్దమున మన రేవులలో దిగిన ఆంగ్ల వర్తకులు ఆ ధ్వనిని పట్టలేక కొందరు ‘తారీ’ యనియు, కొందరు ‘టాడీ’ యనియు వ్రాసికొనిరి. తుదకు రెండవదే నిలిచినది.

ఇట్లు ఓడనెక్కిన మాట ఇదొక్కటే కాదు. సారాయి, చక్కెర, నిమ్మరసము, నీరు, సుగంధద్రవ్యము అను ఐదింటిని కలిపిన ‘పంచ్’ అను పానీయము పేరు మన ‘పాంచ్’ నుండి వచ్చినదని పలువురు పండితుల అభిప్రాయము. ఆంగ్లభాషలో ఆ పేరు కనిపించు తొలి వ్రాతలలో నొకటి 1632 సెప్టెంబరు 28 నాటి లేఖ. ఆ లేఖ పోయినది మన తెలుగుతీరమునకే; ఆంగ్లేయులు పెట్టపోలి యని పిలిచిన నేటి నిజాంపట్టణము వర్తకశాలలోని యొక ఉద్యోగికి. నేడు దేశదేశముల ఇండ్లలో కలుపుకొను కాక్‌టెయిళ్లకు పూర్వరూపములలో పంచ్ ఒకటి యని తలచినపుడు, ఈ లేఖ మనకు మరింత ఆసక్తికరము కాగలదు.

స్కాట్లండున ధాన్యమునుండి మద్యము తీయుట పాత పనియే. జాన్ కార్ అను సన్యాసికి మద్యము తీయుటకై ఎనిమిది కొలతల మొలకబార్లీ ఇచ్చినట్లు 1494 నాటి రాజకోశపు లెక్కలలో నున్నది. మన ‘టాడీ’ వచ్చి ఆ విస్కీపై వ్రాలినది పదునెనిమిదవ శతాబ్దమున. కవి రాబర్ట్ బర్న్స్ 1786లో ప్రకటించిన కావ్యములలో ఈ మాట కలదు. ఆ కవియే 1789లో ఎక్సైజు శాఖలో ఉద్యోగియై, దొంగచాటు బట్టీలను వెదకుచు గుర్రముపై ఊరూరు తిరిగెను. మద్యము ఎక్కడ నున్నదో అక్కడ పన్ను వసూలుదారు ఉండునన్న సత్యమునకు ఇంతకంటె చక్కని సాక్ష్యము లేదు.

ఇక ఆ మాట పుట్టిన చెట్టు వద్దకు వత్తము. జనగామ ప్రాంతమున చలి మొదలైన నాటినుండి ఈతకల్లు, ఎండలు ముదిరిన నాడు తాటికల్లు దిగును. గీతవాడు నడుమున ముస్తాదు కట్టి, అందు కత్తులుంచి, కాళ్లకు గుజి తగిలించి, మోకును చెట్టుచుట్టును తన నడుముచుట్టును బిగించి పైకెక్కును. పోతుతాటి గెలల కొనలను పలుచగా గీసి, లొట్టి కట్టును. ఈ పని ఒకనాడు చేసి ఒకనాడు మానునది కాదు. గీత తప్పినచో చెట్టు ఆరిపోవును. మోకు తెగినను, కాలు జారినను ప్రాణమునకే ముప్పు. లొట్టిలోపల సున్నము పూసినచో రసము పులియక తీయని నీరాగా నిలుచును. పూయనిచో కొన్ని గంటలలోనే పులిసి, నూటికి నాలుగైదు పాళ్ల మత్తు గల కల్లగును. మరునాటికి పుల్లనై చెడును.

స్కాచ్ విస్కీకిని కల్లుకును గల చారిత్రకభేదము ఇక్కడనే యున్నది. స్కాచ్ కనీసము మూడేండ్లు ఓక్ పీపాలలో నిలువవలెనని చట్టము. అది నిలిచినకొలది విలువ పెరుగును, ఓడనెక్కును, సముద్రములు దాటును. కల్లు సాయంకాలమునకే ముదురును. కనుక కల్లు ఊరు దాటలేదు. దాని పేరు మాత్రమే దాటినది. నిలువ చేయదగిన సరకును గిడ్డంగిలో లెక్కించి పన్ను వేయవచ్చును. నిలువని కల్లును లెక్కించుట కష్టము. నిలబడియున్న చెట్టును లెక్కించుట సులభము. అందువలన మన దేశమున పన్ను చెట్టుపై పడినది. చెట్టు ద్వారా దానినెక్కు మనిషిపై పడినది.

ఆ మనుష్యులలో నొకడు చరిత్రకెక్కినాడు. నేటి జనగామ జిల్లా రఘునాథపల్లి మండలమునందలి ఖిలాషాపురము సర్వాయి పాపని కోట గల ఊరు. పాపడు గీతకుటుంబమున పుట్టినవాడు. కులవృత్తి చేపట్టుమని తల్లి చెప్పగా ఆతడు నిరాకరించినట్లు జానపదుల పాటలు చెప్పును. ఆ పాటలలో నొకదానిని జె. ఏ. బాయిల్ 1874లో ప్రకటించెను. పాపడు 1708లో మొహర్రము దినములలో ఓరుగల్లును, అదే యేట భువనగిరిని కొల్లగొట్టెను. 1709లో చక్రవర్తి బహదూర్ షా హైదరాబాదున కొలువు తీరినప్పుడు పదునాలుగు లక్షల రూపాయలు సమర్పించి గౌరవవస్త్రము పొందెను. గీతకుటుంబీకునికి ఇట్టి మర్యాదయా యని నగర ప్రముఖులు ఆక్షేపింపగా మొగలుసేన కదలినది. మొగలు చరిత్రకారుడు ఖాఫీ ఖాను ‘తారికొండ’ యని వ్రాసిన తాటికొండ కోటను ముట్టడించినది. తాటి ‘తారి’ యగుట ఇక్కడను చూడుడు! గాయపడి, మారువేషమున తప్పించుకొన్న పాపడు హసనాబాదున కల్లు దుకాణము వద్ద కూర్చున్నప్పుడు, కల్లు అమ్మువాడే గుర్తించి పట్టియిచ్చెనని ఖాఫీ ఖాను కథనము. 1710లో పాపనికి మరణశిక్ష విధించిరి. కల్లు లొట్టిని వదలి గుర్రమెక్కినవాని కథ కల్లు లొట్టి వద్దనే ముగిసినది.

పాపడు పోయినను భారము పోలేదు. నిజాము రాజ్యమున ఆబ్కారీ గొప్ప రాబడి. ఫసలీ 1316, అనగా సుమారు 1907 నాటి ఆబ్కారీ చట్టము గీతను గుత్తల పద్ధతికి లోబరచినది. ఊళ్లలో దొరల గడీలకు గీతవారు కల్లు ఊరక అందింపవలెను. కొన్ని చెట్లు వారికై వేరుగా నుంచవలెను. ఇది వెట్టిచాకిరిలో భాగము. 1946 జులై 4న జనగామ తాలూకా కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన పిదప ప్రజ్వరిల్లిన తెలంగాణ పోరాటమునకు మూలమైన బాధలలో ఈ వెట్టియు నొకటి. 1968 ఎక్సైజు చట్టముతో పాత నిజాము చట్టము తొలగినది. గీతవారి సహకార సంఘములు చెట్లు పొందసాగినవి.

ఐనను చిక్కు తీరలేదు. పట్టణములలో కోరువారు పెరిగిరి, చెట్లు పెరుగలేదు. ఆ వెలితిని క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రాజోలమ్ వంటి మందులతో పూరించు దుర్మార్గము వ్యాపించి, తాగినవారి ప్రాణములు తీసినది. చెట్టు కల్లు పేరు చెప్పి చెట్టు ఎరుగని నీళ్లు అమ్ముట గీతవానికిని ద్రోహమే. 2023లో ప్రభుత్వము హుస్సేన్ సాగరతీరమున నీరా కేఫ్ తెరచినది. పులియని రసమునకు పట్టణపు గౌరవము తెచ్చు ప్రయత్నమిది.

పరదేశపు ఇంట ఎవరైనను నిమ్మ, తేనె, లవంగము కలిపి చలికాలపు టాడీ పుచ్చుకొనునపుడు, తెలియకయే మన చెట్టు పేరు పలుకుచున్నారు. స్కాచ్ అను పేరు ఇతరులెవ్వరును వాడుకొనకుండ ఆ దేశము చట్టముతో కాచుకొనుచున్నది. మన మాట లోకమంతయు తిరిగినను, ఆ మాటకు మూలమైన మోకుపై ఊగు మనిషికి కాపు తక్కువ. పేరును పొగడుకొనుటకంటె ఆ మనిషి క్షేమముగా నేలకు దిగునట్లు చూచుట శ్రోతలు తలపవలసిన విషయము.