ఔత్సాహికుని పందెపుకారు: పుట్టుపూర్వోత్తరములు

హైదరాబాదునుండి ఓరుగల్లు మీదుగా వచ్చి, ములుగును దాటి, అడవుల నడుమ ఏటూరునాగారమువైపు సాగిపోవు 163వ జాతీయరహదారిపై, సైలెన్సరు మార్పించి, వెడల్పు చక్రములు వేయించి, ఊరంతయు ఉలిక్కిపడునట్లు కారు తోలుకొనిపోవు యువకుని చూచినప్పుడు పెద్దలు విసుగుకొనుట సహజమే. నాకును విసుగు కలుగును; కాని ఆ వెంటనే, ఈ పిల్లవాడు చేయదలచుకొన్న పనికి నూటముప్పది యేండ్ల చరిత్ర కలదనియు, ఆ చరిత్ర నెరిగియున్నచో ఆతడు తన సొమ్మును సైలెన్సరుమీద గాక వేరొకచోట వెచ్చించియుండుననియు తోచును.

మోటారుబండి వీధికెక్కిన కొలది యేండ్లకే పందెములు మొదలైనవి. 1894 జూలైలో లె పెతీ జుర్నాల్ అను పారిసు పత్రిక, గుర్రములు లేని బండ్లకు రువాఁ పట్టణమువరకు పోటీ పెట్టినది. మరుసటి యేడు పారిసునుండి బోర్డోకు పోయి మరలివచ్చు పందెములో ఎమీల్ లెవస్సోర్ అను ఇంజనీరు, 48 గంటల 48 నిమిషములు దాదాపు ఎడతెగక తానే నడపి, అందరికంటె ముందు చేరెను. అయినను ఆతని బండి ఇద్దరు కూర్చుండునదే యగుటచేత, నలుగురు కూర్చుండు బండ్లకే ప్రథమబహుమానమను నియమమునుబట్టి ఆ గౌరవము మరియొకరికి పోయెను. పందెముతోపాటే నియమావళియు, దానివెంట తగవులును పుట్టినవన్నమాట. 1903లో పారిసు-మాడ్రిడ్ పందెమున దారిపొడవునను చోదకులు, ప్రేక్షకులు మరణింపగా ప్రభుత్వము దానిని బోర్డోలోనే నిలిపివేసెను. ఊళ్ళను కలుపు బాటలు పందెములకు తగవను బుద్ధి నాటితో బలపడెను; 1907లో ఇంగ్లాండులోని బ్రూక్‌లాండ్సున పందెములకొరకే కట్టిన వలయము వెలసెను. ఇదంతయు ధనికుల వేడుక. మన నైజాము రాజ్యమునను మోటారు వైభవచిహ్నమే. ఆరవ నిజాము 1911లో పురమాయించిన పసుపుపచ్చని రోల్సు రాయిసు సింహాసనమును మోయుటకేగాని పరుగెత్తుటకు పుట్టినది కాదు.

సామాన్యుడు ఈ రంగమున అడుగిడుటకు త్రోవ చూపినది 1922లో ఆస్టిన్ కంపెనీ చేసిన సెవెన్ అను చిన్నకారు. దాని ఇంజను 747 సీసీ మాత్రమే; పాతబడినవి చవుకగా దొరకుచుండెను గనుక, వానినే విప్పి, బరువు తగ్గించి, పందెములకు దింపు ఔత్సాహికులకొరకు 1939లో 750 మోటార్ క్లబ్బు ఏర్పడెను. ఇంజనీరింగు చదువుకొన్న కోలిన్ చాప్‌మన్ అను యువకుడు, 1928 నాటి పాత సెవెన్ నొకదానిని సంపాదించి, దాని పైభాగమును తీసివేసి, తేలికయు దృఢమునైన దేహమును తన చేతులతో అమర్చి, 1948లో పోటీకి తెచ్చెను. అదియే తొలి లోటస్. ఆ లోటస్ సంస్థ అటుపిమ్మట ఫార్ములా వన్ జగజ్జేత యగుట లోకవిదితము. చాప్‌మన్ తన జీవితమంతయు విడువని సూత్రమొకటి ఆ తొలి కారులోనే కనబడును: బలము పెంచుటకు ముందు బరువు తగ్గించవలెను.

ఇక పరుగెత్తుటకు చోటు కావలెను గదా. ఆ చోటును యుద్ధము ఇచ్చినది. రెండవ ప్రపంచయుద్ధము ముగియుటతో పనిలేక పడియున్న విమానక్షేత్రములపై కార్లు పరుగులు తీసినవి. ఇంగ్లాండులోని సిల్వర్‌స్టోను అట్టిదే. అమెరికాలో 1944లో ఏర్పడిన స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా వారు 1948నుండి వాట్కిన్స్ గ్లెన్ ఊరి వీధులలో పందెములు నడపుచుండగా, 1952లో ప్రేక్షకులలోని బాలుడొకడు మరణించెను. అప్పుడు అమెరికా వాయుసేన జనరల్ కర్టిస్ లెమే తన అధీనమందలి స్థావరములను పందెములకు తెరచెను. మన దేశమునను ఇదే కథ: బొంబాయిలో జుహూ, కలకత్తా చెంత బారక్‌పూరు, మద్రాసుకు ఉత్తరమున షోలవరము, మూడును విమానక్షేత్రములే. ఓరుగల్లు చెంత మామునూరులో నిజాము కాలపు విమానక్షేత్రమున్నది. ప్రయాణికుల విమానము దశాబ్దములుగా దిగకున్నను, పందెపు కారు మాత్రము అచ్చట వలయము గీయలేదు. ఇప్పుడు దానిని మరల విమానములకే సిద్ధపరచుచున్నారు గనుక అచ్చట పందెములను ఊహించుట వ్యర్థము.

షోలవరమును గూర్చి కొంత నిలిచి చెప్పవలెను. 1950ల తొలినాళ్ళలో మద్రాసు మోటారు స్పోర్ట్స్ క్లబ్బు స్థాపితమైన పిదప, ఏటేట అచ్చట జరుగు పందెములకు జనము వేలకొలదిగా వచ్చుచుండిరి. విదేశీ కార్ల దిగుమతికి ప్రభుత్వము అడ్డుకట్ట వేసిన రోజులవి. కావున ఒకరిద్దరు సంపన్నులు తెచ్చిన పందెపు కార్లను మినహాయించినచో, పోటీకి వచ్చినవి ఫియట్లు, స్టాండర్డు హెరాల్డులు, అంబాసిడర్లు. డాక్టరుగారు ఆసుపత్రికి, ప్లీడరుగారు కచేరికి తీసికొనిపోవు కారునే వెనుకసీటు ఊడదీసి, కార్బొరేటరు మార్చి, సిలిండరు హెడ్డు గీయించి పరుగెత్తించిరి. విడిభాగము దొరకనిచోట లేతుపై చేయించుకొనిరి. కొరత వారిని మెకానిక్కులుగా తీర్చినది.

ఆ కొరతలోనుండి మన భాష మాట్లాడు కుటుంబమొకటి పరిష్కారమును కనుగొన్నది. కోయంబత్తూరు సీమలో తరతరములుగా స్థిరపడిన తెలుగు నాయుళ్ళు పత్తిమిల్లులు, ఫౌండ్రీలు, పంపుసెట్ల కార్ఖానాలు నెలకొల్పిరి. 1920లో బస్సు నడపి, 1937లో స్వదేశీ విద్యుత్ మోటారు తయారీకి తోడ్పడిన జి.డి. నాయుడుగారు వారిలోనివారే. 1910లో లక్ష్మీ మిల్సును స్థాపించిన కుప్పుస్వామినాయుడుగారి వంశమున పుట్టిన కరివర్ధన్, షోలవరమున తానే మేటి చోదకుడై యుండియు, పందెము కొలదిమంది ధనవంతులకే పరిమితమై యుండుట సహింపక, 1980ల చివర ఫార్ములా మారుతి అను ఒంటిసీటు కారును రూపొందించెను. ఉక్కు గొట్టములతో చట్రము. అందులో 1983నుండి దేశమంతట వీధివీధిని కనబడు మారుతి 800 కారుయొక్క 796 సీసీ ఇంజను. ఏ పట్టణపు షెడ్డులోనైనను దొరకు విడిభాగములు. పైగా అందరి కార్లును ఒక్కటే గనుక, తండ్రి సంపద గాక కుర్రవాని చేతినేర్పే గెలుపును నిర్ణయించును. మన దేశపు మోటారు క్రీడలో ఇంతకంటె గొప్ప పని జరుగలేదని నా నిశ్చితాభిప్రాయము. ఆ కార్లలో తొలిపాఠములు నేర్చిన నారాయణ్ కార్తికేయన్, కరివర్ధన్‌కు బంధువు, 2005లో ఫార్ములా వన్‌లో పాల్గొన్న తొలి భారతీయుడయ్యెను. కరివర్ధన్ దానిని చూడలేదు. 1995లో విమానప్రమాదమున మరణించెను. కోయంబత్తూరు చెంత చెట్టిపాళయములో 2003లో వెలసిన కరి మోటార్ స్పీడ్‌వే ఆయన పేరనే నడచుచున్నది.

వలయముపై కారును మెరుగుపరచు విద్య ఈ అనుభవములనుండియే క్రమముగా కుదురుకొన్నది. సామాన్యుడు మొదట ఇంజనును తలచును. ఎరిగినవాడు మొదట బ్రేకును తలచును. వేగము రెట్టింపైనచో కారులోని గతిశక్తి నాలుగు రెట్లగును. దానినంతయు బ్రేకులు వేడిగా మార్చవలెను. నాలుగైదు చుట్లు గడచునప్పటికి ఆ వేడిమి బ్రేకు ఆయిలునకు సోకును. డాట్ 4 రకపు ఆయిలు కొత్తదైనచో 230 డిగ్రీల సెల్సియసు వరకైనను మరగకుండును. కాని గాలిలోని తేమను పీల్చుట దాని స్వభావమగుటచే, పాతబడినది 155 డిగ్రీల ప్రాంతముననే మరగవచ్చును. మరగినప్పుడు పుట్టు ఆవిరి నొక్కుడుకు లొంగిపోవును గనుక పెడలు నేలకంటును, కారు ఆగదు. కొన్ని వందల రూపాయల ఆయిలు లక్షల రూపాయల ఇంజనుకంటె ముందు రావలసినది ఇందుచేతనే.

ఆ పిమ్మట టైర్లు. కారుకును నేలకును గల సంబంధమంతయు నాలుగు టైర్లు తాకు కొద్దిపాటి మేరయే. త్వరణము, నిరోధము, మలుపు మూడును దానిమీదనే జరుగవలెను. పరుగులో టైరు వేడెక్కి అందలి గాలి ఒత్తిడి పెరుగును గనుక, చల్లగా నున్నప్పుడు కొంత తగ్గించి ఉంచుట వలయముపై ఆచారము. మలుపులో బరువంతయు వెలుపలి టైర్లమీదికి ఒరగును. అట్టివేళ టైరు పూర్తిగా నేలనంటియుండుటకు, చక్రముల పైయంచు కొంచెము లోపలికి వాలునట్లు అలైన్‌మెంటు చేయింతురు. స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు గట్టిపరచుట ఆ వాలును అదుపులో నుంచుటకే. మితిమీరి గట్టిపరచినచో గతుకుపై టైరు నేలను విడుచును, ఉన్న పట్టు కూడ పోవును.

బరువును తగ్గించుటలోను ఎచ్చట తగ్గించితిమనునది ముఖ్యము. ములుగువారికి దీనిని వివరించుట సులభము: పాలంపేటలో రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్పగుడి విమానమును శిల్పులు నీట తేలునంత తేలిక ఇటుకలతో నిలిపి, బరువైన రాతిని క్రింద నుంచిరి. కారునకును అదే న్యాయము. పైకప్పునుండి తీసిన కిలో బరువు, అడుగునుండి తీసిన కిలోకంటె మలుపులో ఎక్కువ మేలు చేయును, గరిమకేంద్రము దిగివచ్చును గనుక. ఇన్ని పనులైన పిదప ఇంజను సంగతి. అప్పటికి చాలమందికి ఇంజను మార్చవలసిన అవసరమే కనబడదు, ఎందుకనగా అంతవరకు వెనుకబడుటకు కారణము చోదకుడే యని వారికే తెలిసిపోవును.

షోలవరము 1990 ప్రాంతమున తన పని ముగించుకొనెను. మద్రాసు క్లబ్బువారు శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 3.7 కిలోమీటర్ల శాశ్వత వలయమును కట్టిరి. హైదరాబాదు వీధులలో 2022లో ఇండియన్ రేసింగ్ లీగును, 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగరు చెంతను ఫార్ములా-ఈ విద్యుత్ కార్ల ప్రపంచపు పోటీయు జరిగినవి. నగరమునకు కీర్తి వచ్చినది. రాకపోకలకు ఇబ్బందియు కలిగినది. మరుసటి యేడు ఫార్ములా-ఈ రాలేదు. దాని వలన ఔత్సాహికునకు ఒరిగినదేమియు లేదు, అది చూచువారి పందెమేగాని చేయువారిది కాదు. అంతకంటె విశ్వవిద్యాలయపు వర్కుషాపులలో బాహా అను కళాశాలల బండ్ల పోటీకై విద్యార్థులు తామే వెల్డింగు చేయు బండ్లు చాప్‌మన్‌కును కరివర్ధన్‌కును దగ్గరి వారసులు.

కావున 163వ రహదారిపై తిరుగు మిత్రునకు ఒక మాట. ఆ బాటపై మేడారము జాతరకు పోవు జనమున్నారు, ఎడ్లబండ్లున్నవి, బడికిపోవు పిల్లలున్నారు. అది పందెపు వలయము కాదు, కానేరదు. ఓరుగల్లులో రాత్రి రైలెక్కినవాడు తెల్లవారి మద్రాసులో దిగును. ఇరుంగాట్టుకోట్టైలోను కోయంబత్తూరులోను శిక్షణ నిచ్చువారే కారును, హెల్మెటును ఇత్తురు. పందెమునకు కావలసిన లైసెన్సును భారత మోటారు క్రీడాసమాఖ్య ఇచ్చును. మీ కారును ఇంటనే యుంచి, పాత సైలెన్సరును తిరిగి బిగింపించి, ముందు అచ్చటికి పోయి ఒక రోజు నేర్చుకొని రండు.