తినదగిన ప్యాకేజింగ్ పొరలు: వ్యర్థాలే ముడిసరుకు, తేమే సవాలు

షాలిమార్ (హౌరా): ఆహారాన్ని చుట్టిన పొరను ఆహారంతో పాటే తినగలగాలి, పారేసినా అది మట్టిలో కలిసిపోవాలి. ప్లాస్టిక్‌కు ప్రత్యామ్నాయంగా ఇలాంటి పొరల తయారీపై పరిశోధనలు సాగుతున్నాయి. వీటికి ముడిసరుకు తొక్కలు, నూకలు, పాల విరుగు నీరు వంటి ఉప ఉత్పత్తులే. తెలుగు జిల్లాల మీదుగా వచ్చే కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ షాలిమార్ చేరే ముందు ఆగే ఖరగ్‌పూర్‌లోని ఐఐటీ, ఈ దిశగా కీరదోస తొక్కపై చేసిన పరిశోధనను 2020లో వెల్లడించింది.

కీరదోస తొక్కలో ఏముంది?

కీరదోసను శుద్ధి చేసినప్పుడు తొక్కలు, ముక్కల రూపంలో సుమారు 12 శాతం వ్యర్థం మిగులుతుంది. ఐఐటీ ఖరగ్‌పూర్‌కు చెందిన జయితా మిత్రా, ఎన్. సాయి ప్రసన్న ఆ తొక్క నుంచి ఆహార ప్యాకేజింగ్‌కు పనికివచ్చే సెల్యులోజ్ నానో స్ఫటికాలను వేరుచేశారు. ఇతర తొక్కల వ్యర్థాలతో పోలిస్తే ఇందులో సెల్యులోజ్ ఎక్కువని, అది 18.22 శాతం ఉందని వారు గుర్తించారు.

పొర తయారీ ఎలా?

పిండిపదార్థం, పెక్టిన్ లేదా ప్రోటీన్‌ను నీటిలో కరిగించి, పెళుసుదనం తగ్గేందుకు గ్లిజరాల్ కలుపుతారు. ద్రావణాన్ని పలుచగా పరచి ఆరబెట్టి, పొరగా ఒలుస్తారు. నూకల నుంచి పిండిపదార్థం, నిమ్మజాతి పండ్ల తొక్కల నుంచి పెక్టిన్, విరుగు నీటి నుంచి ప్రోటీన్ లభిస్తాయి. రొయ్యల పెంపకంలో దేశంలో ముందున్న ఆంధ్రప్రదేశ్‌లో పెంకులకు కొదవ లేదు. వాటి నుంచి తీసే కైటోసాన్‌కు సూక్ష్మజీవులను అడ్డుకునే గుణం ఉంది.

తినదగిన పొర తెలుగువారికి కొత్త కాదు. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆత్రేయపురం పూతరేకు, బోర్లించిన వేడి కుండపై పలుచని బియ్యప్పిండి జావ పరచి తీసే పొరే. ఎండిన రేకు పెళుసుగా ఉంటుంది. తడిబట్ట తగిలితే మెత్తబడుతుంది.

తేమతోనే చిక్కు

ప్యాకేజింగ్ పొరలకూ ఇదే సమస్య. పిండిపదార్థం, ప్రోటీన్ పొరలు పొడి వాతావరణంలో ఆక్సిజన్‌ను, నూనెను బాగానే ఆపుతాయి. నీటి ఆవిరిని మాత్రం ఆపలేవు. తేమ చేరితే బలహీనపడతాయి. అందుకే తేనెమైనం వంటి కొవ్వు పదార్థాలు కలుపుతారు. నానో స్ఫటికాలు పొరకు బలాన్నిస్తాయి, వాయువులు దాటే దారిని మెలికలు తిప్పి ఆలస్యం చేస్తాయి.

గుర్తుంచుకోవాల్సినవి

• మట్టిలో కలిసిపోయే ప్రతి పొరా తినదగినది కాదు. తిరుమలలో లడ్డూల కోసం 2021లో ప్రవేశపెట్టిన డీఆర్‌డీవో సంచులు మొక్కజొన్న పిండిపదార్థంతో చేసినవి. అవి తినేందుకు కాదు, త్వరగా విచ్ఛిన్నమయ్యేందుకు ఉద్దేశించినవి.

• పాల ప్రోటీన్లు, రొయ్యల పెంకుల నుంచి వచ్చిన పదార్థాలు కొందరికి అలర్జీ కలిగించవచ్చు. కాబట్టి పొర దేనితో తయారైందో లేబుల్‌పై తెలపడం అవసరం.

• తినదగిన పొరకు కూడా రవాణాలో దుమ్ము, చేతిస్పర్శ నుంచి రక్షణగా పై కవరు కావాలి.

నిబంధనలు ఏమంటున్నాయి?

2022 జులై 1 నుంచి దేశంలో నిషేధించిన ఒక్కసారి వాడే ప్లాస్టిక్ వస్తువుల్లో మిఠాయి పెట్టెల చుట్టూ చుట్టే ప్లాస్టిక్ పొరలూ ఉన్నాయి. తేమ తక్కువగా ఉండే ఇలాంటి పొడి సరుకులకే సహజ పొరలు ముందుగా అనువవుతాయి. పాలు, పచ్చళ్ల వంటి తడి పదార్థాలకు వాడాలంటే తేమను తట్టుకునే శక్తి ఇంకా పెరగాలి.