డెక్కన్ క్వీన్ తలుపు సందు

బాగ్ లింగంపల్లి నుంచి ఆర్టీసీ క్రాస్ రోడ్స్ వైపు వెళ్ళేవాళ్ళలో ఎంతమంది బస్ భవన్‌లో పెట్టిన పాత ఆల్బియన్ బస్సుని చూసుంటారు? పేరు డెక్కన్ క్వీన్. 1932 జూన్‌లో నిజాం స్టేట్ రైల్వే 27 బస్సులు, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. ఆ నాటి బండి ఇది, గ్లాస్గో సరుకు.

ఇలాంటి బండి కనబడగానే ఇంజను గురించే అడుగుతాం (నేనూ అంతే). బాగుచేసేటప్పుడు అసలు తిప్పలు బాడీతో. అప్పట్లో బస్సు బాడీ అంటే ఎక్కువగా చెక్క ఫ్రేము, దానిమీద రేకులు. చెక్క వానాకాలం ఉబ్బుతుంది. ఏప్రిల్‌లో చక్కగా పడిన తలుపు జులైలో పట్టేస్తుంది. అందుకే ముందు ఫ్రేము, తర్వాత రేకులు, సందులన్నీ సరిచూసుకున్నాకే రంగు. రబ్బరు పట్టీలు ఆఖర్న. కానీ సందు కొలిచేటప్పుడే రబ్బరు మందం లెక్కలో ఉండాలి. మర్చిపోయారా, రంగేశాక తలుపు పడదు! డిపెండెన్సీలు చూడకుండా రిలీజ్ చేసిన కోడ్ లాగన్నమాట.

ఇంకో చిక్కు. సహజ రబ్బరు ఎండకీ, గాలిలోని ఓజోన్‌కీ పగుళ్ళిస్తుంది. 1932 నాటి పట్టీ దొరికినా పనికిరాదు. వీటికి బాగా తట్టుకునే ఈపీడీఎం రబ్బరు 1960ల్లో గానీ మార్కెట్లోకి రాలేదు. ఆ కాలానిది కాదు కదా అని కొందరు ఒప్పుకోరు. నన్నడిగితే అదే వెయ్యాలి. పగిలిన పట్టీలోంచి దిగిన నీళ్ళు రేకు వెనక చేరి చెక్కని తినేస్తాయి, బయటికి మాత్రం రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. ఏది కొత్తగా వేశారో, ఏ సంవత్సరంలో వేశారో బండి పక్కన బోర్డు మీద రాసిపెడితే చాలు.